నీళ్ళ మీద వాలలేని సముద్రపు పక్షి: ఇది నిజమేనా?

డెక్_మీద_టీ
అందరికీ నమస్కారం. మర్చంట్ నేవీలో పని, ఊరు భీమిలి. పనామా కాలువ దాటడానికి మా వంతు కోసం పసిఫిక్ వైపు లంగరేసుకుని మూడు రోజులుగా పడి ఉన్నాం. పని తక్కువ, చూడ్డం ఎక్కువ. ఇక్కడ ఓడ నెత్తిన ఎప్పుడూ నల్లటి పెద్ద పక్షులు తిరుగుతున్నాయి. సన్నగా పొడుగ్గా కొడవలిలా వంగిన రెక్కలు, కత్తెర లాంటి తోక. నిన్న టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఒకదాన్నే చూస్తూ ఉన్నాను, టీ చల్లారిపోయింది గానీ అది మాత్రం ఒక్కసారి రెక్క ఆడించలేదు, ఎవరో కింద దారం పట్టుకున్న గాలిపటంలా అలాగే నిలబడింది.

ఈ రోజు పొద్దున అసలు తమాషా. చేప మింగి వస్తున్న ఒక బూబీ పక్షి వెంట రెండు పడ్డాయి. ఒకటి దాని తోక పట్టుకుని గాలిలోనే ఊపేసింది. పాపం బూబీ మింగిందంతా కక్కేసింది, అది నీళ్ళలో పడే లోపే ఈ నల్లది కిందికి జారి నోటితో పట్టేసుకుంది. మా బోసన్ (డెక్ మీద పనివాళ్ళకి మేస్త్రీ లాంటివాడు) పగలబడి నవ్వి 'ఇవి ఫ్రిగేట్ బర్డ్స్, సముద్రపు దొంగలు, కానీ చచ్చినా నీళ్ళలో దిగవు' అన్నాడు. సముద్రంలో బతికే పక్షి నీళ్ళలో దిగకపోతే ఎక్కడ పడుకుంటుంది మరి? ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడా?

కాకినాడ_కాజా
ఇంకొకడు కష్టపడి తిన్నది కక్కించి తినడం... మా అపార్ట్‌మెంట్ కమిటీలో ఇలాంటి పక్షులు ముగ్గురున్నారన్నా 😀 ఫొటో ఉంటే పెట్టు.

పక్షిపిచ్చోడు
బోసన్ గారు చెప్పింది నిజమే. అక్కడ మీకు కనిపించేది ఈ జాతుల్లో అన్నిటికన్నా పెద్దది, మాగ్నిఫిసెంట్ ఫ్రిగేట్ పక్షి. ప్రపంచంలో మొత్తం ఐదు రకాలు ఉన్నాయి: మాగ్నిఫిసెంట్, గ్రేట్, లెసర్, క్రిస్మస్ ఐలాండ్, అసెన్షన్. మీరు చూసినదాని రెక్కలు చాపితే ఏడడుగుల పైనే, రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల దాకా ఉంటాయి. బరువు మాత్రం కిలో నుంచి కిలోన్నర, అంటే మన నాటుకోడి పెట్టంత. అంత తక్కువ బరువుకి అంత రెక్క ఇంకే పక్షికీ లేదు. దాని ఎముకలన్నీ కలిపి తూచినా ఈకల బరువుకి సరిపోవు అంటారు.

ఇక నీళ్ళ సంగతి. బాతుని చూడండి, తోక దగ్గర నూనె గ్రంథి ఉంటుంది, ఆ నూనె ముక్కుతో ఈకలకి రాసుకుంటుంది, నీళ్ళు జారిపోతాయి. ఫ్రిగేట్ పక్షికి ఆ గ్రంథి ఉంది గానీ చాలా చిన్నది. ఈకలు తడిసిపోతాయి. కాళ్ళు మరీ పొట్టివి, వేళ్ళ మధ్య పొర నామమాత్రం, ఈదడానికి పనికిరావు. తడిసిన ఏడడుగుల రెక్కలతో అలల మీంచి లేవడం దాని వల్ల కాదు. అందుకే పడిపోతే మునిగినట్టే. నేల మీద నడక కూడా రాదు, చెట్టు కొమ్మ మీదో పొద మీదో వాలుతుంది, అంతే.

డెక్_మీద_టీ
అయ్యబాబోయ్. సముద్రం మధ్యలో బతుకుతూ తడిస్తే చచ్చిపోవడమా! మరి నిద్ర?

ప్రశ్నలపుట్ట
ఆగండాగండి. రెండు నెలలు దిగకుండా ఎగురుతుందని ఎక్కడో చదివాను, అది వాట్సాప్ సరుకే అనుకున్నాను. రెండు నెలలు నిద్ర లేకుండా ఏ ప్రాణి బతుకుతుంది? నేను రెండు రోజులు నైట్ డ్యూటీ చేస్తే మూడో రోజు మనుషుల్ని గుర్తుపట్టను.

పక్షిపిచ్చోడు
వాట్సాప్ సరుకు కాదు. రెండూ కొలిచి చెప్పినవే, 2016లోనే రెండు వేరు వేరు బృందాలు ప్రచురించాయి. జనం వాటిని కలిపేసి ఒక కథ చేస్తారు, అందుకే అనుమానం వస్తుంది. విడివిడిగా చెబుతాను.

మొదటిది నిద్ర సంగతి. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ నుంచి నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవుల్లో జెనొవేసా అనే దీవికి వెళ్ళింది. అక్కడ గూళ్ళ మీదున్న గ్రేట్ ఫ్రిగేట్ ఆడ పక్షుల తలకి చిన్న పరికరం పెట్టారు, మన ఆస్పత్రుల్లో మూర్ఛ ఉందో లేదో చూడ్డానికి తీసే ఈఈజీ ఉంది కదా, అదే పని చేసే బుల్లి యంత్రం. పక్షులు మేతకి వెళ్ళి పది రోజుల దాకా, మూడు వేల కిలోమీటర్ల దాకా తిరిగి వచ్చాయి. పరికరం విప్పి చూస్తే గాలిలో ఉండగానే నిద్రపోయినట్టు మెదడు తరంగాల్లో దొరికింది. రోజుకి సగటున 42 నిమిషాలు. అదీ ఒక్కసారి కాదు, కొన్ని కొన్ని సెకన్ల కునుకులుగా, ఎక్కువగా రాత్రి పూట. అదే గూటికి చేరాక రోజుకి పన్నెండు గంటల పైన పడుకున్నాయి.

ప్రశ్నలపుట్ట
కునుకు తీస్తే కింద పడదా? నా అనుమానం అది. లారీ డ్రైవర్ కునుకు తీస్తే ఏమవుతుందో తెలుసు కదా.

పక్షిపిచ్చోడు
పడదు. ఎందుకంటే అది దాదాపుగా పైకి లేస్తున్నప్పుడే నిద్రపోతుంది. వేడి గాలి పైకి లేచే చోట గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకి వెళుతుంది చూడండి, ఆ తిరుగుడులోనే కునుకు. కిందికి జారేటప్పుడు మెలకువగా ఉంటుంది. చాలాసార్లు మెదడులో ఒక సగమే నిద్రపోతుంది, రెండోది మేలుకుని ఉంటుంది, ఎటు తిరుగుతోందో అటువైపు కన్ను తెరిచి ఉంచుతుంది, పక్కన తిరిగే ఇంకో పక్షిని గుద్దుకోకుండా అన్నమాట. కొన్నిసార్లు రెండు సగాలూ కలిసే నిద్రపోయాయి, అప్పుడూ పడిపోలేదు. మనం కలలు కనే దశ ఉంటుంది కదా, అది కూడా కొద్ది సెకన్ల పాటు కనిపించింది, అప్పుడు మెడ కాస్త వాలుతుంది గానీ రెక్కలు చెదరవు.

సైన్సు_టీచరమ్మ
ఇది రేపు ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతాను. థాంక్సండీ. మన బళ్ళో వెనక బెంచీ వాళ్ళు ఒక కన్ను తెరిచి నిద్రపోవడం ఎప్పటినుంచో చూస్తున్నాను, దానికి శాస్త్రీయ ఆధారం ఉందని ఇప్పుడే తెలిసింది.

కాకినాడ_కాజా
టీచరమ్మా 😂😂

మబ్బుకింద_మనిషి
ఇన్నాళ్ళకి నేను మాట్లాడదగిన టాపిక్ వచ్చింది. నేను పుణె దగ్గర కామ్‌షెట్‌లో పారాగ్లైడింగ్ నేర్చుకున్నాను. రెండో అధ్యయనం గురించి నన్ను చెప్పనివ్వండి, ఎందుకంటే అది చదివిన రోజు నాకు నిజంగా చెమటలు పట్టాయి.

గ్లైడర్ ఎగరేసే వాళ్ళకి మొదటి రోజు చెప్పే మాట ఇది: మబ్బు కింద ఎగరండి, మబ్బులోకి వెళ్ళొద్దు. ఎండ వేళ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ లేచే గాలి మీద దూదిపింజల లాంటి మబ్బు కడుతుంది. మబ్బు అడుగున ఆ గాలి మనల్ని పైకి లాగుతుంది, మేం దాన్నే వెతుక్కుంటాం. కానీ మబ్బు పెద్దదైతే లోపల లాగే జోరు మన చేతిలో ఉండదు, ఏమీ కనపడదు, చలి, తడి, ఎటు పోతున్నామో తెలియదు. అలా లోపలికి పోయి చనిపోయిన పైలట్లున్నారు.

ఇప్పుడు ఫ్రిగేట్ పక్షి సంగతి. ఫ్రాన్స్‌కి చెందిన ఆన్రీ వైమర్స్‌కిర్ష్ బృందం మొజాంబిక్ జలసంధిలో యూరోపా అనే చిన్న దీవిలో గ్రేట్ ఫ్రిగేట్ పక్షులకి యంత్రాలు కట్టింది. ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, రెక్క ఎన్నిసార్లు ఆడించింది, గుండె ఎంత కొట్టుకుంది, అన్నీ. మామూలుగా అది మబ్బు అడుగు దాకా, అంటే ఓ ఆరు వందల మీటర్లు లేచి, అక్కడి నుంచి జారుతూ జారుతూ కిలోమీటర్లు పోతుంది, మళ్ళీ ఇంకో మబ్బు. రోజుకి నాలుగు వందల కిలోమీటర్ల పైన ఇలాగే. కానీ కొన్నిసార్లు కావాలని మబ్బు లోపలికి దూరుతుంది! లోపలి జోరుని వాడుకుని నాలుగు వేల మీటర్ల దాకా వెళుతుంది. మాకు ఏది చావో దానికి అది లిఫ్టు. అంత ఎత్తు నుంచి జారుకుంటూ వస్తే ఎంత దూరం పోతుందో ఊహించుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. నేల మీద సాయంత్రం అయ్యేసరికి మా ఆట కట్, గాలి లేవదు. ట్రేడ్ విండ్స్ (ఎప్పుడూ దాదాపు ఒకే దిక్కు నుంచి వీచే గాలులు) వీచే ఉష్ణమండల సముద్రం మీద అలా కాదు, నీళ్ళు వెచ్చగా, పైన వచ్చే గాలి చల్లగా ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ గాలి లేస్తూనే ఉంటుంది. అందుకే ఈ పక్షి రాత్రి కూడా దిగకుండా ఉండగలుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి చచ్చిపడే ప్రాంతం ఒకటుంది, పాత తెరచాప ఓడలు వారాల తరబడి ఇరుక్కుపోయిన చోటు. ఈ పక్షులు దాని మధ్యలోకి వెళ్ళవు, అంచు పట్టుకుని హిందూ మహాసముద్రంలో పెద్ద చుట్టు తిరుగుతాయి. రెండు నెలలు దిగకుండా ఉన్నది అలా మొదటిసారి గూడు వదిలిన కుర్ర పక్షే. ఎవరు నేర్పారు దానికి ఆ దారి?

డెక్_మీద_టీ
డోల్‌డ్రమ్స్! ఆ మాట మేం ఇప్పటికీ వాడతాం. ఇంజన్ ఉంది కాబట్టి మాకు బాధ లేదు గానీ అక్కడ సముద్రం అద్దంలా ఉంటుంది, గాలి ఆకు కదలనంత ఉక్క. నిజమే, ఆ చోట ఈ పక్షుల్ని చూసిన గుర్తు లేదు.

గోదారిగట్టు
అందరూ తెగ పొగుడుతున్నారు. దొంగతనం సంగతి ఎవరూ మాట్లాడరేం? గాలి ఫ్రీ, మబ్బు ఫ్రీ, తిండి కూడా ఫ్రీ. బూబీ నీళ్ళలో దూకి పట్టిన చేప ఇది తినడం. హవాయిలో దీన్ని ఇవా అంటారు, ఆ భాషలో దానికి దొంగ అనే అర్థం. వాళ్ళు తెలియకే పెట్టారా?

పక్షిపిచ్చోడు
పేరు నిజమే. కానీ దొంగతనం మీదే బతుకుతుందనడం అన్యాయం. అది తినేదాంట్లో ఎక్కువ భాగం స్వయంగా పట్టుకున్నదే. ట్యూనాలూ డాల్ఫిన్లూ కింద నుంచి తరిమితే నీళ్ళలోంచి ఎగిరే చేపలు లేస్తాయి, స్క్విడ్లు పైకి వస్తాయి, ఇది పై నుంచి జారి, ఒంటికి చుక్క తడి అంటకుండా, వంకీ తిరిగిన ముక్కు కొస ఒక్కటే నీళ్ళకి తగిలించి లాక్కుంటుంది. గూళ్ళ దగ్గర వెంటాడటం మన కంటికి కనపడుతుంది కాబట్టి దొంగ అని పేరు పడింది. నడిసముద్రంలో కష్టం చూసేవాడు లేడు.

గోదారిగట్టు
దొరికిన దొంగలందరూ చెప్పేదీ ఇదే 😏

డెక్_మీద_టీ
గోదారి గారూ, నేను చూసిన లెక్క చెప్పనా. ఈ మూడు రోజుల్లో వెంటాడటం బహుశా ఇరవై సార్లు చూసుంటాను, బూబీ కక్కింది రెండే రెండు సార్లు. మిగతా అన్నిసార్లూ బూబీ నీళ్ళలోకి దూకేసింది, దీనికి దిగే దారి లేదు కదా, తోక ముడుచుకుని పైకి పోయింది. ఈ మాత్రం దొంగతనంతో ఇల్లు గడవదు.

సైన్సు_టీచరమ్మ
మగ పక్షికి గొంతు దగ్గర ఎర్రటి బెలూను ఉంటుందని పుస్తకంలో బొమ్మ చూశాను. అది ఎప్పుడూ ఉంటుందా?

పసిఫిక్_పిన్ని
ఇది నేను చెబుతాను, నా కళ్ళతో చూశాను. మా అమ్మాయి వాళ్ళు కాలిఫోర్నియాలో ఉంటారు, వాళ్ళతో కలిసి గాలాపగోస్ వెళ్ళాం. నార్త్ సేమోర్ అని బల్లపరుపుగా, ఎండిపోయిన పొదలతో ఉన్న చిన్న దీవి. నేనైతే ఇంత ఖర్చు పెట్టి ఈ ముళ్ళకంపలు చూడ్డానికా వచ్చాం అనుకున్నాను. పది అడుగులు వేశానో లేదో, పొదల మీద ఎర్రటి బెలూన్లు కట్టినట్టు! ఒక్కోటి చిన్నపిల్ల తలంత. పెళ్ళి పందిరిలా ఉంది. బెలూన్ ఊదుకోవడానికి దానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందట. మామూలు రోజుల్లో ముడతలు పడి వేలాడుతుంది, పెద్దగా కనపడదు. మగవాళ్ళంతా గుంపుగా కూర్చుని మెడ వెనక్కి వాల్చి, బెలూన్ ఆకాశానికి చూపించి ఎదురుచూస్తారు. పైన ఆడపక్షి వెళ్ళింది అంటే చాలు, అందరూ ఒక్కసారి రెక్కలు వణికిస్తూ, ముక్కు టకటకలాడిస్తూ డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తారు. ఆవిడేమో పైనే తిరుగుతూ ఒక్కొక్కళ్ళనీ చూసుకుంటూ పోతుంది. మా ఆయన 'మన కాలంలో మేం వచ్చి చూసేవాళ్ళం, ఇక్కడ రివర్స్' అన్నారు. ఔను మరి, కాఫీ పట్టుకుని వచ్చింది నేనే కదా.

కాకినాడ_కాజా
పిన్నీ సూపర్. మరి పెళ్ళయ్యాక సంసారం ఎలా?

పక్షిపిచ్చోడు
ఆ భాగం కాస్త బరువైనది. మగది పుల్లలు తెస్తుంది, అవీ పక్క గూటి నుంచి లాక్కున్నవి చాలా ఉంటాయి (గోదారి గారికి ఈ ఒక్క పాయింటు ఇచ్చేస్తున్నాను). ఒకే ఒక్క గుడ్డు. ఇద్దరూ వంతులవారీగా దాదాపు ఎనిమిది వారాలు పొదుగుతారు. పిల్ల ఒంటి మీద ఈక లేకుండా పుడుతుంది, గూడు వదిలి ఒక్క క్షణం పోయినా పక్క ఫ్రిగేట్ పక్షులే దాన్ని ఎత్తుకుపోతాయి. అందుకని ఒకరు కాపలా ఉండాల్సిందే. మాగ్నిఫిసెంట్ రకంలో పిల్లకి మూడు నెలలు దాటగానే మగది వెళ్ళిపోతుంది. ఆ తర్వాత భారమంతా తల్లిదే. పిల్లకి రెక్కలొచ్చి ఎగరడం మొదలుపెట్టినా తిండి సంపాదించడం రాదు, కాబట్టి ఏడాది దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం తల్లి తెచ్చి పెడుతూనే ఉంటుంది. పక్షుల్లో ఇంత కాలం పిల్లని సాకే జాతి ఇంకోటి లేదంటారు. అందుకే ఆడది ఏటేటా గుడ్డు పెట్టలేదు. నలభై ఏళ్ళు దాటి బతికిన పక్షులు కూడా ఉన్నాయి గానీ ఇంత నెమ్మదిగా పిల్లల్ని కనే జాతికి ఒక దెబ్బ తగిలితే కోలుకోవడానికి తరాలు పడుతుంది.

ప్రశ్నలపుట్ట
దెబ్బ అంటే? నడిసముద్రంలో తిరిగే దాన్ని ఎవరు ఏం చేస్తారు?

పెర్త్_పద్మ
ఎవరూ ఆకాశంలో ఏమీ చేయరు అన్నా, దెబ్బ గూటి దగ్గరే. నేను పెర్త్‌లో ఉంటాను, ఇక్కడి నుంచి క్రిస్మస్ ఐలాండ్‌కి విమానం ఉంటుంది, ఎర్ర పీతల వలస చూద్దామని వెళ్ళాను. అది హిందూ మహాసముద్రంలో జావాకి దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియా దీవి. క్రిస్మస్ ఐలాండ్ ఫ్రిగేట్ పక్షి గూడు పెట్టేది ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క దీవిలోనే. మేతకి ఇండోనేషియా సముద్రాల దాకా పోతుంది, గుడ్డుకి మాత్రం ఇంటికే రావాలి. దీవిలో వందేళ్ళకి పైగా ఫాస్ఫేట్ గనులున్నాయి. గనుల కోసం అడవి కొట్టేశారు, ఫాస్ఫేట్ ఆరబెట్టే చోట నుంచి వచ్చే దుమ్ము ఒక గూళ్ళ గుంపుని పాడు చేసింది. ఇప్పుడు మిగిలిన పెద్ద గుంపులు ఎక్కడున్నాయో తెలుసా? ఒకటి గోల్ఫ్ కోర్సు పక్కన, ఇంకోటి శ్మశానం పక్కన. నేను వెళ్ళినప్పుడు గోల్ఫ్ ఆడేవాళ్ళ నెత్తి మీద తిరుగుతున్నాయి, వాళ్ళు తల ఎత్తి కూడా చూడట్లేదు. ఇంకో విషయం, అక్కడ ఊరు ఉన్న రేవు పేరు ఫ్లయింగ్ ఫిష్ కోవ్, ఎగిరే చేపల రేవు. పక్షి తిండి పేరే పెట్టారనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడికి వచ్చిన ఫ్లయింగ్ ఫిష్ అనే బ్రిటిష్ సర్వే ఓడ పేరు అది!

గోదారిగట్టు
కిరిబాటి దేశంలో ఉన్న క్రిస్మస్ ఐలాండే కదా? వాళ్ళ జెండా మీద కూడా ఈ పక్షి ఉంది, ఉదయించే సూర్యుడి పైన.

పెర్త్_పద్మ
జెండా కరెక్ట్, దీవి తప్పు. అది పసిఫిక్‌లో ఉన్న ఇంకో క్రిస్మస్ ఐలాండ్, ఇప్పుడు కిరితిమాతి అని రాస్తారు. వాళ్ళ భాషలో 'తి' అని రాసి 'స్' అని పలుకుతారు, కాబట్టి నోట్లో అది కూడా క్రిస్మసే 😀 దేశం పేరు కూడా కిరిబాస్ అనే అంటారు. అక్కడ ఉండేవి వేరే రకం ఫ్రిగేట్ పక్షులు.

గోదారిగట్టు
ఒప్పుకున్నాను. ఇవాళ నాకు గ్రహాలు బాగోలేవు.

పక్షిపిచ్చోడు
పేర్ల గందరగోళం మీ ఒక్కరిదే కాదు లెండి. గ్రేట్ ఫ్రిగేట్ పక్షి శాస్త్రీయ నామం ఫ్రెగాటా మైనర్. మైనర్ అంటే చిన్నది! మొదట్లో దాన్ని ఒక రకం పెలికన్ అనుకుని, పెలికన్లలో ఇది చిన్నది కదా అని అలా రాసేశారు. తర్వాత వేరే కులమని తేలింది గానీ పేరు మార్చలేదు.

పద్మ గారు చెప్పిన దానికి ఒక మంచి కబురు చేర్చాలి. అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవి ఉంది, మనుషులు తెచ్చిన పిల్లులు అడవిపాలై దీవి మీద గూళ్ళన్నీ తుడిచిపెట్టేశాయి. అసెన్షన్ ఫ్రిగేట్ పక్షులు ఒడ్డు పక్కనే ఉన్న ఒక రాతి గుట్ట మీదికి చేరి అక్కడే తరాల పాటు బతికాయి. అడవి పిల్లుల్ని పూర్తిగా ఏరివేశామని 2006లో ప్రకటించారు. 2012లో మొదటిసారి మళ్ళీ అసలు దీవి మీద గూడు కట్టాయి. అంత చిన్న నీటిపాయ దాటడానికి ఎంత కాలం పట్టిందో చూడండి, సముద్రాలు దాటే పక్షికి.

సైన్సు_టీచరమ్మ
మన తీరంలో కనిపిస్తాయా?

పక్షిపిచ్చోడు
మన దగ్గర స్థిరంగా ఉండవండీ. వానాకాలం ఈదురుగాలులకీ తుఫానులకీ కొట్టుకొచ్చి కేరళ వైపు, ముంబై వైపు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. నీరసించి ఇళ్ళ మధ్య పడిపోయినవాటిని జనం కాకి కాదు గద్ద కాదు ఏంటిది అని ఆశ్చర్యపోయి పక్షుల వాళ్ళకి అప్పగిస్తుంటారు. ఎప్పుడైనా అలా దొరికితే నీళ్ళ తొట్టెలో మాత్రం వేయకండి, సముద్రపు పక్షి కదా అని.

కాకినాడ_కాజా
తెలుగులో దీనికి పేరు లేదా? గాలిపటం పక్షి అని పెట్టేద్దాం.

మబ్బుకింద_మనిషి
నా ఓటు మబ్బుగద్దకి.

పసిఫిక్_పిన్ని
బెలూన్ మావగారు 😄

డెక్_మీద_టీ
ఐదు రోజుల తర్వాత వచ్చాను, ఏమనుకోకండి, ఓడలో నెట్ సంగతి మీకు తెలియనిది కాదు. కాలువ దాటి కరీబియన్ వైపు వచ్చేశాం. ఇటూ ఇవే పక్షులు! పైన చదివినవన్నీ బోసన్‌కి చెప్పాను, మబ్బులోకి దూరుతుందంటే నమ్మలేదు, నిద్ర సంగతి మాత్రం వెంటనే నమ్మాడు, నైట్ వాచ్‌లో ఆయనదీ అదే పద్ధతట.

నిన్న సాయంత్రం తెల్ల తల ఉన్న పక్షి ఒకటి వచ్చింది. తల తెల్లగా ఉంటే పిల్ల పక్షి అని చదివాను, కరెక్టేనా? దాని నోట్లో చిన్న పుల్ల. గాలిలో ఆ పుల్లని వదిలేస్తుంది, కింద పడే లోపు జారి పట్టుకుంటుంది. మళ్ళీ పైకి పోయి వదులుతుంది. ఓ పదిసార్లు చేసింది. తిండి కాదు, గూడూ కాదు.

పక్షిపిచ్చోడు
పిల్ల పక్షే! ఆ వయసులో అవి అలాగే ఆడతాయి. పుల్ల, ఈక, సముద్రపు నాచు ముక్క, ఏది దొరికితే అది. తడవకుండా పట్టుకోవడం ప్రాక్టీసు. రేపు ఎగిరే చేపని పట్టాల్సింది అలాగే కదా. వీడియో తీశారా?

డెక్_మీద_టీ
తీశాను, నలభై సెకన్లు. చివర్లో పుల్ల తప్పి నీళ్ళలో పడింది, దాని చుట్టూ మూడు రౌండ్లు కొట్టి వెళ్ళిపోయింది. ఇక్కడి నెట్‌లో ఎక్కట్లేదు, పోర్టుకి చేరాక పెడతాను.

కాకినాడ_కాజా
ఎదురుచూస్తుంటాం అన్నా. ఈలోపు టీ చల్లారకుండా తాగు.